ఒక మాట - మూడు కొలువులు

ఇల్లు చూడవచ్చినవారు దూలాల నిడివినీ, ద్వారబంధాల చెక్కడపు పనినీ మెచ్చుకుంటారు. వాటిని పట్టి నిలిపిన మేకులను ఎవ్వరూ లెక్కపెట్టరు. భాషాధ్యయనంలోనూ ఇదే న్యాయం కొనసాగుతున్నది. ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థి మొదట వస్తువుల పేర్లు నేర్చుకుంటాడు. తరువాత క్రియలకు మూడేసి రూపాలు వల్లెవేస్తాడు. సర్వనామం, విశేషణం, సముచ్చయం అనే మూడింటికి మాత్రం ఒక్కొక్క నిర్వచనంతో సరిపెట్టడం ఆచారమైనది. నామవాచకానికి బదులు వచ్చేది సర్వనామం, దాని గుణాన్ని తెలిపేది విశేషణం, పదాలనూ వాక్యాలనూ కలిపేది సముచ్చయం - ఈ మూడు ముక్కలూ కంఠస్థం చేసిన బాలుడు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు. ఆ బాలుణ్ణే తన ఊరిని గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వ్రాయమంటే కలం కదలదు. అతనికి మాటలు లేక కాదు. మాటను మాటతో ముడివేసే విద్య అలవడక.

ఆ ముడి ఎక్కడ ఉన్నదో చూపడానికి ఒక చిన్న వాక్యం చాలు. 'ఐ నో దట్ దట్ బాయ్ సెడ్ దట్.' ఏడు మాటలలో మూడు ఒకే మాట. తొలిసారి విన్నవారికి ఇది నత్తివాని పలుకువలె తోస్తుంది. కాని ఇందులో అధికంగా పడిన అక్షరం ఒక్కటి లేదు. మొదటి 'దట్' రెండు వాక్యాలను కలుపుతున్నది కనుక సముచ్చయం. రెండవ 'దట్' ఏ అబ్బాయి అనే ప్రశ్నకు జవాబు చెబుతూ 'బాయ్' అనే నామానికి ముందు నిలిచినది కనుక విశేషణం. మూడవ 'దట్' అతడు అన్న మాటకు బదులుగా నిలిచినది కనుక సర్వనామం. ఒకే ఉద్యోగి ఒకే పూట మూడు కచేరీలలో కొలువు చేసినట్లు, ఒకే మాట ఒకే వాక్యంలో మూడు పనులు నిర్వహిస్తున్నది. వ్రాతలో మూడింటికీ రూపు ఒకటే. ఉచ్చారణలో మాత్రం భేదం ఉన్నది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు మొదటిదానిని సాధారణంగా తేలికగా, అచ్చు తేలిపోయేటట్లు పలుకుతారు. తక్కిన రెండింటినీ 'ద్యాట్' అని నిండుగా పలుకుతారు. కలిపే మాట మీద బరువు ఉండదు. వేలుపెట్టి చూపే మాట మీద ఉంటుంది.

ఈ వాక్యం నేర్పే మొదటి పాఠం ఏమిటంటే, భాషాభాగం అనేది మాటకు పుట్టుకతో వచ్చిన జాతి కాదు; వాక్యంలో అది చేసే పనిని బట్టి వచ్చే పేరు. ఈ సంగతి మరచి 'దట్ అనేది ఏ భాషాభాగం?' అని విడిగా ప్రశ్న వేస్తే దానికి జవాబు లేదు. అసలు ఈ విభాగాల సంఖ్యలోనే ఏకాభిప్రాయం ఏనాడూ లేదు. యాస్కుడు నిరుక్తంలో పదజాతులు నాలుగు అన్నాడు - నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైయాకరణుడు డయొనీషియస్ థ్రాక్స్ పేరుతో ప్రసిద్ధమైన వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. ఆ ఎనిమిదిలో విశేషణానికి ప్రత్యేకమైన పీట లేదు. అది నామంలోనే ఒక భేదం. 1586లో విలియం బుల్లోకర్ ఇంగ్లీషుకు తొలి వ్యాకరణం అచ్చువేసినప్పుడు లాటిన్ వ్యాకరణాల అచ్చులోనే తన భాషను పోతపోసినాడు. విశేషణం నామం నుండి వేరుపడి స్వతంత్రంగా కాపురం పెట్టినది ఆ తరువాతనే. కాబట్టి పెట్టెలకు అంటించిన చీటీలను వల్లెవేయడం కన్న, పెట్టెలోని సరుకు ఏ పనికి వస్తున్నదో చూడడం మేలు.

ఇప్పుడు ఆ వాక్యాన్నే తెలుగులో పెట్టి చూడవలె. 'ఆ అబ్బాయి అది అన్నాడని నాకు తెలుసు.' ఇంగ్లీషులో ఒకే మాట చేసిన మూడు పనులకు తెలుగులో ముగ్గురు పనివాళ్లు వచ్చినారు - విశేషణంగా 'ఆ', సర్వనామంగా 'అది', సముచ్చయంగా 'అని'. వీరిలో 'ఆ', 'అది' ఒకే కుదుటివి. రెండూ దూరంగా ఉన్నదానిని వేలుపెట్టి చూపేవే. మూడవదైన 'అని' కుదురు వేరు. అది 'అను' ధాతువు నుండి పుట్టినది. అనగా తెలుగులో ఒక వాక్యాన్ని మరొక వాక్యంలో పొదిగే పనిని 'పలకడం' అనే క్రియ చేస్తున్నది. ఇంగ్లీషులో అదే పనిని, ఒకప్పుడు వస్తువును చూపడానికి పుట్టిన 'దట్' చేస్తున్నది. 'అతడు అది చెప్పినాడు: తాను వస్తాడు' అనే తీరులో మొదట చూపుడుమాటగా ఉన్నదే క్రమంగా రెండు వాక్యాల నడుమ కీలుగా మారినది. ఇంగ్లీషు వేలితో చూపి కలుపుతుంది. తెలుగు నోటితో పలికి కలుపుతుంది. ఈ ఒక్క భేదం మనసుకు ఎక్కిన విద్యార్థికి 'దట్' మళ్లీ అడ్డు తగలదు.

సర్వనామాల సంగతి తీసుకుంటే, రెండు భాషలూ లోకాన్ని రెండు విధాలుగా పంచుకొన్నవి. ఇంగ్లీషు ఏకవచనంలో మూడు గదులు - పురుషునికి 'హీ', స్త్రీకి 'షీ', తక్కినవాటికి 'ఇట్'. బహువచనానికి వచ్చేసరికి గోడలన్నీ కూల్చి ఒకే చావడి - మనుష్యులైనా, ఆవులైనా, బండ్లైనా 'దే'. తెలుగు క్రియను చూస్తే లెక్క వేరు. ఆమె వచ్చినది, ఆవు వచ్చినది, బండి వచ్చినది - ఏకవచనంలో ఈ మూడింటికీ ఒకటే క్రియారూపం. మహద్వాచకమైన పురుషునికి మాత్రమే 'వచ్చినాడు'. బహువచనంలో స్త్రీలు పురుషుల పంక్తిలో చేరి 'వచ్చినారు' అవుతారు. ఆవులూ బండ్లూ 'వచ్చినవి' అని విడిగా మిగులుతవి. కనుక 'దే' అనే మాటను 'వారు' అని ఒక్క అర్థంతో నేర్పితే, ఆవులను గురించి వ్రాయవలసి వచ్చినప్పుడు విద్యార్థి తికమకపడడంలో వింత లేదు. ఈ 'దే' ఇంగ్లీషు సొంత ఆస్తి కూడా కాదు. ఉత్తరపు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన నార్సు జాతులవారి భాష నుండి ఇది ఇంగ్లీషులోకి వచ్చినది. వస్తువుల పేర్లు ఎరువు తెచ్చుకోవడం ప్రతి భాషకూ మామూలే గాని సర్వనామాన్ని ఎరువు తెచ్చుకోవడం అరుదు.

స్త్రీయో పురుషుడో తెలియని ఒక్క వ్యక్తిని కూడా ఇంగ్లీషువారు 14వ శతాబ్ది నుండి 'దే' అంటూనే ఉన్నారు. ఎవరో గొడుగు మరచిపోతే 'సమ్‌వన్ హ్యాజ్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా' అంటారు. ఒక్కరికి బహువచనమేమిటి అని ఆక్షేపించిన వ్యాకరణవేత్తలు నడుమ వచ్చినా వాడుక ఆగలేదు. తెలుగువారికి ఇది చోద్యంగా తోచనక్కరలేదు. 'ఎవరో వచ్చినారు, వారి గొడుగు మరచిపోయినారు' అని ఒక్కరిని గురించే నిత్యం అంటూ ఉండడం లేదా?

మర్యాద విషయంలో ఒక అపోహ గట్టిగా పాతుకొని ఉన్నది. ఇంగ్లీషువారు చిన్నాపెద్దా తేడా లేక అందరినీ 'నువ్వు' అంటారని దాని సారాంశం. చరిత్ర చెప్పేది ఇందుకు విరుద్ధం. పూర్వం ఇంగ్లీషులో ఒక్కరికి 'దౌ', పలువురికి 'యు' వర్గపు రూపాలు ఉండేవి. ఒక్కరినే గౌరవించి పలికేటప్పుడు బహువచనం వాడే అలవాటు, తెలుగులోని 'మీరు' వలెనే, అక్కడా వచ్చినది. ఆ మర్యాద నానాటికీ విస్తరించి, 17వ శతాబ్ది ముగిసేనాటికి శిష్టుల నిత్యవ్యవహారం నుండి 'దౌ' దాదాపు తప్పుకొన్నది. కాబట్టి ఇంగ్లీషువారు అందరినీ 'నువ్వు' అనడం లేదు. అందరినీ 'మీరు' అంటున్నారు. అందరికీ ఇచ్చినది ఎవరికీ ప్రత్యేక గౌరవం కాదు కనుక, ఆ భాషలో మర్యాద ఇప్పుడు సర్వనామంలో గాక 'ప్లీజ్' వంటి మాటలలోను, 'కుడ్ యు' వంటి ప్రశ్నారూపాలలోను నివసిస్తున్నది. ఈ సంగతి తెలియని బాలుడు 'మా నాన్నగారు వస్తున్నారు' అనే వాక్యాన్ని 'మై ఫాదర్ ఆర్ కమింగ్' అని వ్రాస్తాడు. ఎర్రసిరాతో దానిని కొట్టివేసే ఉపాధ్యాయుడు, అందులో తప్పిపోయినది వ్యాకరణమే గాని వినయం కాదని ఒక్క మాట చెప్పితే ఆ బాలుడు మళ్లీ ఆ తప్పు చేయడు.

మరి రెండు చోట్ల తెలుగు సర్వనామానికి ఉన్న నేర్పు ఇంగ్లీషుకు లేదు. 'వి ఆర్ గోయింగ్ టు ద ఫెయిర్' అని తండ్రి అంటే, విన్న పిల్లవాడు చొక్కా తొడుక్కోవలెనో, ఇంట్లో కూర్చోవలెనో ఆ మాట చెప్పదు. 'మనం తిరునాళ్లకు పోతున్నాం' అంటే చొక్కా తొడుక్కోవచ్చు. 'మేము పోతున్నాం' అంటే ఏడవవచ్చు. రెండవది 'తాను'. 'రాము టోల్డ్ గోపాల్ దట్ హీ హ్యాడ్ పాస్డ్' అనే వాక్యంలో పరీక్ష గట్టెక్కినది ఎవరు? రాము కావచ్చు, గోపాలం కావచ్చు, వారిద్దరికీ తెలిసిన మూడవవాడు కావచ్చు. తెలుగులో 'తాను ప్యాసయ్యానని రాము గోపాలంతో చెప్పినాడు' అంటే రాము. 'నువ్వు ప్యాసయ్యావని చెప్పినాడు' అంటే గోపాలం. ఇంగ్లీషులో పేరును మళ్లీ చెప్పి గాని, రాము అన్న మాటలను ఉన్నవి ఉన్నట్లు పెట్టి గాని ఈ సందేహం తీర్చవలె. లేకపోతే పరీక్ష తప్పినవారి ఇంట మిఠాయి పంచినట్లవుతుంది. సర్వనామం ఎవరికి బదులు వచ్చినదో చదువరికి వెంటనే తెలియాలన్నది నిర్వచనంలో ఉండదు. వాక్యరచనలో మాత్రం అదే ప్రాణం.

విశేషణానికి వద్దాం. ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక వరం ఉన్నది. సంస్కృతంలో విశేషణం విశేష్యాన్ని అనుసరించి రూపు మార్చుకుంటుంది - సుందరః, సుందరీ, సుందరమ్. ప్రాచీన ఇంగ్లీషులోనూ లింగ వచన విభక్తులను బట్టి విశేషణం మారుతూ ఉండేది. మధ్యయుగంలో ఆ ప్రత్యయాలు రాలిపోయినవి. నేటి ఇంగ్లీషులో 'టాల్ బాయ్' అన్నా, 'టాల్ గర్ల్స్' అన్నా 'టాల్' మారదు. తెలుగులోనూ 'మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకాలు' - 'మంచి' మారదు. రెండు భాషలలోనూ విశేషణం నామానికి ముందే నిలుస్తుంది. వరుసలో కూడా పోలిక కనిపిస్తుంది. 'నైస్ లిటిల్ ఓల్డ్ వుడెన్ బాక్స్' అనే మాటలను అదే వరుసలో 'చక్కని చిన్న పాత చెక్కపెట్టె' అనవచ్చు. చూసేవారి అభిప్రాయం దూరంగా, వస్తువులోని పదార్థం దగ్గరగా నిలుస్తవి. 'చెక్క పాత చిన్న చక్కని పెట్టె' అని తెలుగులో ఏ పిల్లవాడూ అనడు. ఆ చెవినే ఇంగ్లీషుకూ ఉపయోగించుకోమంటే సగం పాఠం అయినట్లే.

చిక్కు వచ్చేది విశేషణం నామాన్ని విడిచి వాక్యం చివరకు చేరినప్పుడు. ఇంగ్లీషులో 'ద బాయ్ ఈజ్ గుడ్' అనవచ్చు; 'ఈజ్' ఉంటే చాలు, 'గుడ్' ఒంటరిగా నిలుస్తుంది. తెలుగులో 'ఆ బాలుడు మంచి' అంటే వాక్యం కుంటుతుంది. 'మంచివాడు' కావలె. అంటే విశేషణానికి సర్వనామం తోకగా అతకవలె. పెట్టెను గురించి అయితే 'పెద్దది', మనుష్యులను గురించి అయితే 'పెద్దవారు'. ఇంకా చిత్రం - నేను మంచివాడను, నీవు మంచివాడవు అని ఉత్తమ మధ్యమ పురుషల గుర్తులు సైతం దానికి వచ్చి చేరుతవి. తెలుగులో విశేషణమూ సర్వనామమూ విడదీయరాని దంపతులు. వీరి నడుమ 'ఈజ్' వంటి మూడవ వ్యక్తికి చోటు లేదు. అందుకే తెలుగు బాలుడు 'హీ గుడ్' అని వ్రాసి ఊరుకొంటాడు. అతని దృష్టిలో వాక్యం నిండినది. ఇంగ్లీషులో ఈ దాంపత్యానికి దగ్గరి బంధువు 'వన్' అనే మాట. రెండు సంచులలో పెద్దది కావలెనంటే 'ద బిగ్ వన్' అంటారు. 'పెద్దది' లోని 'ది' ఏ పని చేస్తున్నదో, 'వన్' అదే పని చేస్తున్నది. 'మై', 'మైన్' అనే జంట కూడా ఈ వెలుగులో తేటపడుతుంది. 'మై బుక్' అంటే 'నా పుస్తకం'. 'ద బుక్ ఈజ్ మైన్' అంటే 'పుస్తకం నాది'. 'నా' నామానికి ముందు విశేషణంగా నిలుస్తుంది. 'నాది' నామం అక్కరలేకుండా తానే నిలుస్తుంది. తెలుగులో 'అది' వచ్చి చేరిన చోటనే ఇంగ్లీషులో 'మై' పోయి 'మైన్' వస్తుందని చెప్పితే, విద్యార్థికి ఇక పట్టిక వల్లెవేయవలసిన పని లేదు.

ఇక సముచ్చయం. ఇంగ్లీషులో 'అండ్' ఒక విడిమాట. నాలుగు పేర్లు చెప్పినా సాధారణంగా చివరి పేరుకు ముందు ఒక్కసారి వస్తుంది. తెలుగులో ప్రతి పేరు చివరి అచ్చూ సాగుతుంది - రామూ, గోపాలమూ, సీతా వచ్చినారు. గ్రంథభాషలో 'రాముడును లక్ష్మణుడును' అని ప్రతిదానికీ 'ను' చేరుతుంది. సంస్కృతంలోని 'చ' కూడా కలపవలసిన పదానికి వెనుకనే వస్తుంది. పద్యాలలో 'ఇంతేకాక' అనే అర్థంలో కనిపించే 'మఱియు'ను తెచ్చి, 'బియ్యం మరియు పప్పు' అని రెండు నామాల నడుమ నిలబెట్టడం ఇంగ్లీషు 'అండ్' చూసి దిద్దిన వాత. దుకాణాల పలకల మీద, ప్రకటనలలో అది స్థిరపడినది గాని ఇంట్లో వంటకు కూర్చున్న ఇల్లాలు ఈనాటికీ 'బియ్యమూ పప్పూ' అనే అంటుంది.

వాక్యాలను కలిపే చోట ఈ భేదం మరింత స్ఫుటం. 'ఇఫ్ ఇట్ రెయిన్స్', 'వెన్ హీ కమ్స్', 'దో షీ ఈజ్ టైర్డ్' - ఇంగ్లీషు సముచ్చయం ప్రతి చోటా ముందే నిలుస్తుంది. 'వాన కురిస్తే', 'అతడు వచ్చినప్పుడు', 'ఆమె అలసినా' - తెలుగులో ఆ అర్థం క్రియకు చివర అంటుకొని వస్తుంది. ఇంగ్లీషు సముచ్చయం రాజు ముందు నడిచే కట్టియవాని వలె, రాబోయేది ఏమిటో ముందే చాటుతుంది. తెలుగు సముచ్చయం మంద వెనుక నడిచే గొల్లవాని వలె, అంతా గడిచిన తరువాత కనిపిస్తుంది. ముందు నడిచేవాణ్ణి చూసి, వెనుక గొల్లవాడు కూడా ఉండవలెనని భ్రమపడడమే 'ఆల్దో హీ ఈజ్ రిచ్, బట్ హీ ఈజ్ అన్‌హ్యాపీ' వంటి వాక్యాలకు తావిస్తున్నది. ఒక అతుకుకు ఒక మేకు చాలు. రెండు కొడితే కొయ్య చీలుతుంది. అట్లాగే 'ఇంటికి వెళ్లి, స్నానం చేసి, భోంచేసి పడుకొన్నాడు' అని తెలుగు క్త్వార్థకాలతో దొర్లించుకొంటూ పోయే వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు, ప్రతి 'ఇ'కారానికీ ఒక 'అండ్' ఇవ్వనక్కరలేదు. చివర ఒక్కటి చాలు.

ఈ మూడు దారులూ కలిసే కూడలి ఒకటి ఉన్నది. అది 'హూ', 'విచ్' అనే సంబంధార్థక సర్వనామం. 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై బ్రదర్' అనే వాక్యంలో 'హూ' అనేది 'బాయ్'కి బదులు వచ్చినది కనుక సర్వనామం. రెండు వాక్యాలను అతికినది కనుక సముచ్చయపు పని చేస్తున్నది. అది తెచ్చిన 'హూ కేమ్ యెస్టర్‌డే' అనే ఉపవాక్యం మొత్తం ఏ బాయ్ అనే ప్రశ్నకు జవాబు కనుక విశేషణం. ఒక్క మాటతో మూడు భాషాభాగాల పనులు నెరవేరినవి. ఇక తెలుగు ఏమి చేస్తున్నది? 'నిన్న వచ్చిన అబ్బాయి నా తమ్ముడు.' సర్వనామం లేదు, సముచ్చయం లేదు. క్రియయే విశేషణమై కూర్చున్నది. తెలుగు వ్యాకరణం దీనిని ధాతుజవిశేషణం అంటున్నది. ద్రావిడ భాషలకు సంబంధార్థక సర్వనామాల పని ఈ విధంగా జరుగుతుందని 1856లో కాల్డ్‌వెల్ తన తులనాత్మక వ్యాకరణంలో వివరించినాడు. ఈ కూడలిలో దారి తప్పిన బాలుడు 'యెస్టర్‌డే కేమ్ బాయ్' అంటాడు. అది నోటికి వచ్చినట్లు వ్రాసినది కాదు. 'నిన్న వచ్చిన అబ్బాయి' అనే చక్కని తెలుగుకు నీడ.

ఇక్కడ తెలుగు పొదుపు ఎంతటిదో చూడవలె. నేను వ్రాసిన ఉత్తరం, నేను వ్రాసిన కలం, నేను వ్రాసిన బల్ల - మూడింట 'వ్రాసిన' ఒక్కటే. వ్రాయబడినది ఏదో, వ్రాతకు సాధనమేదో, ఆధారమేదో వినేవాడు లోకజ్ఞానంతో గ్రహిస్తాడు. ఇంగ్లీషు అంత భారం వినేవాడి మీద వేయదు. 'ద లెటర్ విచ్ ఐ రోట్', 'ద పెన్ విత్ విచ్ ఐ రోట్', 'ద టేబుల్ ఆన్ విచ్ ఐ రోట్' అని ఒక్కొక్క సంబంధానికి ఒక్కొక్క మాట చేరుస్తుంది. తెలుగు క్లుప్తమైనది, ఇంగ్లీషు విస్పష్టమైనది. ఏది గొప్ప అనే ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం. ఒకదానిలో మౌనంగా ఉన్నదానిని రెండవదానిలో పలికించడమే అనువాదం, అదే భాషాశిక్షణ.

ఈ చర్చ అంతా పండితుల కాలక్షేపమని తోచవచ్చు. కాని ఈ చిన్న మాటల మీద మనుష్యుల మానమర్యాదలు ఆధారపడిన ఘట్టాలు ఉన్నవి. ఒక ప్రధానోపాధ్యాయుడు చదువు ముగించి పోయే విద్యార్థికి యోగ్యతాపత్రం వ్రాస్తూ 'హీ ఈజ్ పూర్ బట్ ఆనెస్ట్' అన్నాడనుకుందాం. సర్వనామం, విశేషణం, సముచ్చయం, మళ్లీ విశేషణం. నడుమ ఒక చిన్న క్రియ. వ్యాకరణం ప్రకారం దోషం లేదు. వ్రాసినవాని మనసులో ఆశీర్వాదమే ఉన్నది. కాని ఆ 'బట్' ఏమంటున్నది? పేదవాడు నిజాయితీపరుడు కావడం ఎదురుచూడని సంగతి అంటున్నది. రెండు గుణాల నడుమ వైరం ఉన్నదని 'పూర్' చెప్పలేదు, 'ఆనెస్ట్' చెప్పలేదు. నడుమ నిలిచిన మూడక్షరాల మాట చెప్పినది. దాని బదులు 'అండ్' పెడితే, రెండు గుణాలూ పక్కపక్కన సుఖంగా కూర్చుంటవి. తెలుగులో 'పేదవాడైనా నిజాయితీపరుడు' అన్నా దోషం అదే. అక్కడ అది ఆ 'నా'లో దాగి ఉన్నది. ఆ పత్రం చదివి ఉద్యోగమిచ్చేవాడు ఆ 'బట్'ను విడిగా గమనించకపోవచ్చు. దానిలోని అనుమానం మాత్రం అతని మనసులోకి దిగనే దిగుతుంది. సముచ్చయం కేవలం కలుపుతుందని చెప్పే నిర్వచనం ఎంత అసంపూర్ణమో ఈ ఒక్క వాక్యం చాటుతున్నది. కలిపేటప్పుడు అది తీర్పు కూడా చెబుతుంది.

1816లో కాంబెల్, 1840లో సి. పి. బ్రౌన్, 1873లో ఆర్డెన్ తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణాలు వ్రాసినారు. ఇంగ్లీషు తెలిసినవాడు తెలుగును ఏ దారిని చేరవలెనో చూపడం వాటి ప్రయోజనం. ఆ దారిలోనే తిరుగు ప్రయాణం నేటి తెలుగు బాలునిది. చదువు ఏ మాధ్యమంలో సాగవలె అనే వివాదం ఎటు తేలినా, ఇంట తెలుగు పలికే బాలుడు బడిగడప దాటేటప్పుడు ఆ భాషను చెప్పులవలె బయట విడిచి రాలేడు. అతడు చేసే పొరపాట్లను ఏరి చూస్తే అధికభాగం అజ్ఞానం కాదు, మాతృభాషా నియమాలకు చూపిన విధేయత అని తేలుతుంది. విధేయతకు శిక్ష విధించడం న్యాయం కాదు. దానికి రెండవ నియమం కూడా ఉన్నదని చూపడం న్యాయం.

అందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. తరగతిలో వారానికొకసారి ఒక తెలుగు వాక్యాన్నీ దాని ఇంగ్లీషు రూపాన్నీ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి వ్రాసి, మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఈ సర్వనామం ఎవరికి బదులు వచ్చినది? ఈ విశేషణం ఒంటరిగా నిలిచినదా, తోడు తెచ్చుకొన్నదా? ఈ ముడి వాక్యానికి ముందు పడినదా, వెనుక పడినదా? ఈ ప్రశ్నలకు జవాబులు వెదికేటప్పుడు విద్యార్థి రెండు భాషలనూ ఒకేసారి నేర్చుకుంటాడు. 'మంచివాడను'లో ఒక సర్వనామం దాగి ఉన్నదని ఇంగ్లీషు పాఠంలో తెలుసుకొన్న బాలుడు తెలుగు వ్యాకరణాన్ని ఇక శుష్కమని అనడు. ఇందుకు తెలుగు పంతులుగారూ ఇంగ్లీషు మాస్టారుగారూ వారానికొకసారి ఒక గంట సేపు ఒకే బల్ల ముందు కూర్చోవలసి ఉంటుంది. ఒకే బడిలో, ఒకే పిల్లలకు, ఒకరి పాఠం ఒకరికి తెలియకుండా ఏళ్ల తరబడి చెబుతూ రావడమే ఇంతకాలం జరిగిన పెద్ద లోపం. ఆ ఇద్దరి నడుమ కూడా ఒక సముచ్చయం కావలె. అది 'బట్' గాక 'అండ్' కావలె.